కెమెరా చెప్పే సాక్ష్యము

మాక్లూర్‌లోనైనా, నందిపేటలోనైనా, బోధన్‌లోనైనా ఈ రోజుల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది: "నేను కళ్ళారా చూశాను." ఎక్కడ చూశావు నాయనా అని అడిగితే, "ఫోన్‌లో డాక్యుమెంటరీ వచ్చింది" అంటారు. వెనుకటి రోజుల్లో కళ్ళారా చూచుట అంటే ఆ స్థలములో నిలబడి చూచుట. ఇప్పుడు ఒకరు తీసి, మరొకరు కత్తిరించి, ఇంకొకరు మాటలు అతికించినదాన్ని చూచినా అది కళ్ళారా చూచినట్టే అయిపోయింది. ఈ రెండు చూపుల మధ్య ఉన్న దూరము గురించి ఈ నెల కొంచెం ఆలోచిద్దాం.

మామూలు సినిమాకు వెళ్ళేటప్పుడు ఇది కథ అని మనకు తెలుసు. హీరో ఒక్కడే ఇరవైమందిని కొడితే నవ్వుకొని ఇంటికి వస్తాం. డాక్యుమెంటరీ అనగానే మన జాగ్రత్త సడలిపోతుంది. ఇది నిజము గదా, ఇందులో నటులు లేరు గదా అని నమ్మకముతో కూర్చుంటాం. రాజకీయము ఆ నమ్మకము మీదనే కన్ను వేస్తుంది. దానికి తోడు కథాచిత్రాలు కూడా "యథార్థ సంఘటనలు" అనే బోర్డు తగిలించుకొని డాక్యుమెంటరీల పక్కన కూర్చుంటున్నాయి.

2023 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో జరిగినది గుర్తు చేసుకోండి. 2002 గుజరాత్ అల్లర్లను, అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ పాత్రను గూర్చి బి.బి.సి. రెండు భాగాల డాక్యుమెంటరీ ప్రసారము చేసింది. కేంద్ర ప్రభుత్వము దాన్ని ప్రచార చిత్రమని ఖండించి, యూట్యూబ్, ట్విట్టర్‌లలోని లింకులను తీసివేయించింది. యూనివర్సిటీలో ఒక విద్యార్థి సంఘము ఆ డాక్యుమెంటరీని ప్రదర్శించింది. జనవరి 26న మరొక సంఘము మళ్ళీ ప్రదర్శిస్తే, దానికి జవాబుగా ఎ.బి.వి.పి. వారు 'ది కశ్మీర్ ఫైల్స్' ప్రదర్శించారు. ఒకే ఆవరణలో రెండు తెరలు, రెండు గుంపులు. ఇటువారు అటు వెళ్ళి చూడలేదు, అటువారు ఇటు రాలేదు అన్నట్టే ఆ సాయంత్రము గడిచింది.

నిదానముగా చూస్తే ఈ రెండూ ఒక జాతివి కావు. మొదటిది డాక్యుమెంటరీ. అందులో బ్రిటిష్ విదేశాంగ శాఖ చేయించిన, అంతవరకు ప్రజలకు తెలియని ఒక విచారణ నివేదికను బయటపెట్టారు. అది వార్తే. అయితే అదే విషయము మీద సుప్రీంకోర్టు నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందము విచారణ జరిపిందనీ, మోదీ గారిపై కేసు నడపదగిన సాక్ష్యము లేదన్న ఆ బృందము నివేదికను 2022 జూన్ 24న సుప్రీంకోర్టు సమర్థించిందనీ చూచేవారికి తెలిసి ఉండాలి. ఆ డాక్యుమెంటరీని మెచ్చుకొనేవారు ఈ తీర్పును పక్కకు పెట్టకూడదు. తీర్పును చూపించేవారు ఆ నివేదికలో ఏమున్నదో చదవకుండా కొట్టిపారవేయకూడదు. రెండవది కథాచిత్రము. 1990లో కశ్మీరీ పండితులు ఇండ్లు వాకిళ్ళు వదలి పారిపోవలసి వచ్చిన మాట పచ్చి నిజము. కాని ఆ సినిమాలోని ప్రధాన పాత్రలు చాలావరకు రచయిత కల్పించినవి. జరిగిన దుఃఖము నిజమైనంత మాత్రాన తెరమీది ప్రతి మాట నిజము కాదు. తెరమీది ఒక మాట కల్పన అయినంత మాత్రాన ఆ దుఃఖము అబద్ధమూ కాదు.

ఢిల్లీ, కశ్మీరు సంగతులు అలా ఉంచి మన గడపలోనికి వద్దాం. 2024 మార్చి 15న 'రజాకార్' అనే సినిమా విడుదలైంది. దాని పేరు కిందనే హైదరాబాదులో జరిగిన "నిశ్శబ్ద జాతిహననము" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. నిర్మాత ఒక రాజకీయ పార్టీ నాయకుడు. విడుదలైన మరునాడే లోక్‌సభ ఎన్నికల తేదీలు ప్రకటించారు. ఇంత మాత్రము చేత సినిమా అబద్ధమని తేల్చకూడదు. అయితే ఎవరు తీశారు, ఎప్పుడు విడుదల చేశారు అన్నవి అడగవలసిన ప్రశ్నలే.

రజాకార్ల దౌర్జన్యము కల్పన కాదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న వారు జరిపిన హత్యాకాండకు ఆ ఊరి బురుజు నేటికీ గుర్తుగా నిలిచియున్నది. మన నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నారు. ఇంకొక పేరు కూడా మన పిల్లలకు చెప్పాలి. ఆయన 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. హైదరాబాదు భారతదేశములో కలవాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో ఆయనను నడివీధిలో చంపారు. చంపినవారు రజాకార్లు, చనిపోయినవాడు ముస్లిము. ఈ ఒక్క పేరు జ్ఞాపకము ఉంటే చాలు, "వారంతా ఒకటి, మనమంతా ఒకటి" అని చెప్పే ఏ కథనైనా రెండవసారి ఆలోచించి వింటాం.

కథ అక్కడ ఆగలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించింది, 17న నిజాం ప్రభుత్వము లొంగిపోయింది. ఆ తరువాతి వారాలలో కొన్ని జిల్లాల్లో ముస్లిముల మీద ప్రతీకార దాడులు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వము పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలగువారు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానములో తిరిగి నివేదిక ఇచ్చారు. చనిపోయినవారు 27,000 నుండి 40,000 వరకు ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అన్నిటికంటె ఎక్కువ నష్టపోయాయి. నాందేడు అంటే మనకు దూరమేమీ కాదు, బోధన్ దాటితే వచ్చే సరిహద్దు జిల్లా. ఆ నివేదికను సర్దార్ పటేల్ అంగీకరించలేదు. అది ఎన్నో దశాబ్దాలు ప్రజలకు అందలేదు. అదే నివేదికలో మరొక సంగతి కూడా ఉన్నది. అనేకచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లిములను కాపాడారని, ముఖ్యముగా చేనేతవారిలో ఆ సహోదరభావము కనబడిందని వారు వ్రాశారు.

ఇప్పుడు ఒక ఔత్సాహికుడు 1948 మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడనుకుందాం. భైరాన్‌పల్లి దగ్గర మొదలుపెట్టి సెప్టెంబరు 17న ఆపితే అది ఒక కథ. సెప్టెంబరు 18న మొదలుపెట్టి డిసెంబరులో ఆపితే అది మరొక కథ. తెలంగాణ రైతాంగ పోరాటముతో మొదలుపెట్టి 1951 వరకు తీసుకొనిపోతే మూడవ కథ. మూడింటిలోనూ ఒక్క అబద్ధపు మాట లేకపోవచ్చును. అయినా ఏ ఒక్కటే చూచినవాడైనా మూడింట రెండు వంతులు తెలియనివాడే. సెప్టెంబరు 17కు మనవారు పెట్టిన పేర్లు చూడండి. 2022లో కేంద్ర ప్రభుత్వము దాన్ని విమోచన దినమన్నది. ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో మరొక రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమన్నది. తేదీ ఒక్కటే, పేరు మారగానే అర్థము మారింది. డాక్యుమెంటరీలో ఈ పని పేరు ఒక్కటే చేయదు. మొదటి దృశ్యము చేస్తుంది, చివరి దృశ్యము చేస్తుంది, వెనుక వినిపించే సంగీతము చేస్తుంది.

ఇంకొక సంగతి. జనరల్ ఎద్రూస్ లొంగుబాటు దృశ్యాలు మనకు మిగిలాయి, ఎందుకంటే అక్కడ కెమెరా ఉన్నది. భైరాన్‌పల్లి బురుజు దగ్గర కెమెరా లేదు. ఉస్మానాబాదు పల్లెల్లోనూ లేదు. కెమెరా లేనిచోట పోయిన ప్రాణము తక్కువ ప్రాణమా? కాబట్టి తెర మీద కనబడనిదాన్ని లేనిదిగా ఎంచకూడదు. అటువంటిచోట పెద్దల నోటి మాట, కాగితము మీది నివేదిక, ఊరిలోని సమాధి రాయి కూడా సాక్షులే.

ఇక్కడ ఒక భేదము గ్రహించాలి. పక్షము వహించుట వేరు, అబద్ధము చెప్పుట వేరు. 1970 ప్రాంతములో లూయీ మాల్ అనే ఫ్రెంచి దర్శకుడు భారతదేశము మీద తీసిన డాక్యుమెంటరీలను బి.బి.సి. చూపితే, మన ప్రభుత్వము కోపించి ఢిల్లీలోని ఆ సంస్థ కార్యాలయాన్ని మూయించింది. ఆ పేదరికము లేదని ఎవరూ అనలేదు. పేదరికమే భారతదేశము అన్నట్టుగా చూపారన్నదే బాధ. అది పక్షపాతము మీద ఫిర్యాదు. మరొకవైపు 1958లో డిస్నీ సంస్థ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్' ఉన్నది. చిన్న ఎలుకల వంటి జంతువులు గుంపుగా నీళ్ళలో పడి చస్తాయని చూపి ఆస్కారు కూడా పొందింది. ఆ దృశ్యాలు కృత్రిమముగా ఏర్పాటు చేసినవని 1982లో కెనడా టెలివిజన్ వారు బయటపెట్టారు. అది అబద్ధము. మొదటిదానికి మందు మరొక చిత్రము, రెండవదానికి మందు విచారణ.

పక్షము దాచకుండానే నిజాయితీగా ఉండవచ్చుననుటకు మన హైదరాబాదులోనే ఉదాహరణ ఉన్నది. 1984లో ఎన్.టి. రామారావు గారిని పదవి నుండి తొలగించి మళ్ళీ కూర్చోబెట్టిన ఆ నెలరోజుల రాజకీయ గందరగోళములో పాతబస్తీ మతకల్లోలాలతో అట్టుడికింది. దీపా ధన్‌రాజ్ అనే దర్శకురాలు ఆ రోజుల్లో తీసిన డాక్యుమెంటరీ 1986లో వచ్చింది. 'క్యా హువా ఇస్ షహర్ కో' దాని పేరు. రెండు మతాల రాజకీయాల మీదా ఆమెకు అభిప్రాయము ఉన్నది, దాన్ని దాచలేదు. అయినా ఒక వర్గపు నాయకుణ్ణి మాత్రమే దోషిగా నిలబెట్టలేదు. రెండు వైపుల నాయకుల మాటలను వారి నోటనే వినిపించి, కర్ఫ్యూలో కూలి పోగొట్టుకున్న పేదల దగ్గరకు కెమెరాను తీసుకొనిపోయింది.

మరి నచ్చని చిత్రాలను ఆపివేస్తే సరిపోదా అని కొందరు అంటారు. 2024 జనవరిలో హైదరాబాదులోని ఒక కేఫ్‌లో ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'రామ్ కే నామ్' ప్రదర్శిస్తుండగా పోలీసులు ఆపి, నిర్వాహకులను అరెస్టు చేశారు. అది 1992లో జాతీయ అవార్డు పొందిన, సెన్సారు సర్టిఫికెట్ ఉన్న చిత్రము. అడ్డుకుంటే ఏమవుతుంది? చూడనివారికి కూడా చూడాలనిపిస్తుంది. దొంగచాటుగా చూచినదాన్ని నలుగురితో చర్చించరు. చర్చ లేనిచోట తప్పును తప్పని చెప్పేవారుండరు.

మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీతో ఒక చిన్న అభ్యాసము చేద్దాం. నిజాం కాలములో వెలసిన ఆ ఫ్యాక్టరీలో 51 శాతము వాటాను 2002లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వము ప్రైవేటువారికి ఇచ్చింది. తిరిగి స్వాధీనము చేసుకుంటామన్న ప్రభుత్వము ఉండగానే 2015 డిసెంబరులో అది మూతపడింది. శక్కర్‌నగర్‌లో తుప్పు పట్టిన యంత్రాలను చూపి, 2002 మాత్రమే చెప్పే డాక్యుమెంటరీ ఒక పార్టీని ముద్దాయిని చేస్తుంది. 2015 మాత్రమే చెప్పేది మరొక పార్టీని చేస్తుంది. చెరకు వేసిన రైతును, జీతము ఆగిన కార్మికుణ్ణి, వాటాలు అమ్మిన కాగితాన్ని మూడింటినీ చూపినది మనకు ఉపయోగపడుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు పెరిగిన మనకు ఇది సులభముగా తెలుస్తుంది. మనము ఎన్నడూ చూడని ఊరిమీద తీసినదాన్ని కూడా ఇదే కొలతతో కొలవాలి.

అందుచేత ఇంట్లో యౌవనస్థులు ఇటువంటి చిత్రము చూచినప్పుడు తల్లిదండ్రులు కోప్పడి ఫోన్ లాక్కొనవద్దు. పక్కన కూర్చొని ఈ ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు తీశారు, డబ్బు ఎవరిది? కథ ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగింది? నింద పడినవారికి జవాబు చెప్పే అవకాశము ఇచ్చారా? చెప్పిన లెక్క ఏ నివేదికలోనిది? నిజముగా తీసిన దృశ్యమేది, నటింపజేసిన దృశ్యమేది? సంగీతము తీసివేస్తే ఇదే కోపము మనకు వస్తుందా? ఈ ఆరింటికి జవాబు దొరికేవరకు దాన్ని మరొకరికి పంపవద్దు.

ఇది చదువుకున్నవారి వాదన కాదు, మన వీధి సంగతి. 2022 మార్చిలో బోధన్‌లో ఒక విగ్రహము విషయమై రెండు వర్గాలు ఘర్షణపడి 144 సెక్షన్ పెట్టవలసి వచ్చింది. అటువంటి వేళ ఎక్కడో తీసిన అయిదు నిమిషాల ముక్క ఒకటి ఫోన్లలో తిరిగితే దెబ్బ తగిలేది దాన్ని తీసినవానికి కాదు. మన దగ్గర పసుపు కొనే వ్యాపారికి, మన పిల్లవానితో ఒకే బెంచీ మీద కూర్చొనే పిల్లవానికి తగులుతుంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము చెప్పకూడదని చిన్ననాడే నేర్చుకున్నవారము మనము. మన నోటితో చెప్పకుండా వేలితో ముందుకు నెట్టినా అది సాక్ష్యమే గదా! ఆలోచించండి.