ఒంటరి నడకలో రెండవ మనిషి

వానకాలం వచ్చిందంటే ఢిల్లీ కాశ్మీరీ గేట్ బస్ స్టాండులో శుక్రవారం రాత్రి ఋషికేశ్ బస్సుల కొరకు నిరీక్షించేవారి సంఖ్య పెరుగుతుంది. వీపున సంచులు తగిలించుకున్న ఆ జనంలో మన సహోద్యోగులూ, వారి పిల్లలూ తరచుగా కనిపిస్తూ ఉంటారు. వారిలో ఒంటరిగా కొండలకు వెళ్ళేవారు కూడా ఉన్నారు. ఒంటరి నడకను మేము నిరుత్సాహపరచము. ఆ ఆనందము మేమూ ఎరుగుదుము. అయితే అందులోని అసలు ప్రమాదం కాళ్ళలో గాక బుద్ధిలో పొంచి ఉన్నదని మనవి చేయడమే ఈ మాసపు మా ఉద్దేశము.

ఉత్తరాఖండ్‌లోని పూలలోయను ఉదాహరణగా తీసుకుందాము. 1931లో 7,756 మీటర్ల కామెత్ శిఖరాన్ని అధిరోహించి తిరిగివస్తున్న ఫ్రాంక్ స్మైత్ బృందం, వర్షం నుండి తప్పించుకొనుటకు భ్యూండార్ లోయలోకి దిగి ఈ పూలతోటను చూసింది. 1938లో స్మైత్ వెలువరించిన గ్రంథం వల్ల దానికి ప్రపంచఖ్యాతి కలిగింది. మరుసటి సంవత్సరమే జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆంగ్ల మహిళ మొక్కల నమూనాలు సేకరిస్తూ అక్కడి వాలుపై జారిపడి మరణించారు. ఆమె సమాధి నేటికీ ఆ లోయలోనే ఉన్నది. పూలు నిండుగా పూచేది జూలై, ఆగస్టు మాసాలలోనే. వానలు ముమ్మరంగా కురిసేదీ అప్పుడే.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆగస్టులో మేము ఒంటరిగా అక్కడికి వెళ్ళాము. పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రమొకటి ఉన్నది: ప్రతి 5 కి.మీ. నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా మరొక గంట. గోవింద్‌ఘాట్ నుండి ఘంఘరియాకు దూరం సుమారు 13 కి.మీ., ఎక్కుడు సుమారు 1,200 మీటర్లు. సూత్రప్రకారం నాలుగున్నర గంటలు పట్టవలెను. వానలో, పలుచని గాలిలో మాకు ఏడు గంటలు పట్టినది. ఆ నిష్పత్తిని ఆధారం చేసుకొని, ఆ రాత్రి పొడిబట్టలతో కూర్చొని మరునాటి లెక్క కాగితంపై వ్రాసుకున్నాము: “ఎక్కడ ఉన్నా ఒంటిగంటకు వెనుదిరుగవలెను.”

మరునాడు తెల్లవారినప్పటి నుండి ఎడతెగని వాన. సమాధి దాటిన తరువాత మనిషి అలికిడి లేదు. చీలమండల లోతున్న ఒక వాగు దాటి ముందుకు సాగాము. పన్నెండున్నరకు మబ్బు కొద్దిగా విడి, ఎదుట ఊదారంగు పూలమైదానం కనిపించినది. ఇంకొక్క అరగంట నడిస్తే చాలునని మనస్సు పోరుపెట్టినది. చలి కూడా తగ్గినట్లే తోచినది. సరిగ్గా ఒంటిగంటకు బొటనవ్రేలిని చిటికెనవ్రేలికి తాకించి చూస్తే, అందలేదు. వెనుదిరిగాము. ఉదయం చీలమండల లోతున్న వాగు అప్పటికి మోకాలు దాటి ప్రవహిస్తున్నది. కర్ర ఊతగా, ఒక్కొక్క అడుగే వేస్తూ దాటడానికి పావుగంట పట్టినది. మరొక గంట ఆలస్యమైతే దాటగలిగేవారము కాము.

దీని వెనుక ఉన్నది సామాన్య భౌతికశాస్త్రమే. నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. తడిసిన నూలుబట్ట వెచ్చదనాన్ని నిలుపలేదు. పైగా ఒక లీటరు నీరు ఒంటిమీద ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోకేలరీలు, అనగా ఒక పూట భోజనమంత శక్తి కావలెను. అందుచేత గాలివానతో కూడిన 10 డిగ్రీల చలి, పొడి వాతావరణంలోని సున్నా డిగ్రీల కంటే ప్రమాదకరం కాగలదు. శరీరాంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల దిగువకు జారితే వేళ్ళు మొద్దుబారుతాయి, అడుగు తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది, వివేచన మందగిస్తుంది. విచిత్రమేమంటే, బాధితునికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది. తోడున్నవాడు ఆ మాటతీరు విని పసిగట్టగలడు, ఒంటరివానికి చెప్పేవారెవరు?

మన కర్మాగారాలలో కీలకమైన ఉష్ణోగ్రతను ఒకే మీటరును నమ్మి వదిలివేయము, రెండవది అమర్చుతాము. ఒంటరి నడకలో ఆ రెండవ మీటరు ముందురోజు వ్రాసిన కాగితమే. అది చలికి తడబడదు, పూలను చూసి మురిసిపోదు.

ఆ కాగితానికి ఒక నకలు ఇంట్లో కూడా ఉండవలెను. వెళ్ళే దారి, బస చేసే చోటు, వెనుదిరిగే వేళ, క్షేమవార్త అందవలసిన గడువు అందులో స్పష్టంగా వ్రాయించుకొనవలసిందిగా గృహిణులకు, తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి. కొండలలో ఫోను అందుతుందన్న భరోసా లేదు. గడువు దాటినా కబురు రాకపోతే మొగమాటపడక, ఆ కాగితం చేతపట్టుకొని 112కు ఫోను చేయండి. వెతికేవారికి ఎక్కడ వెతకవలెనో అదే చెబుతుంది.