కరెంటు పోయినా పటం ఉంటుంది
కాగితపు పటాన్ని వదలని సైన్యాధికారిని చూసి పాతకాలపు మొండితనం అనుకోవడం తేలిక, తొందరపాటు కూడా. కంప్యూటర్‌తో మాటా సైగా కలిపి పని చేయించే ప్రయత్నాలే చూడండి. 1980లో ఎంఐటీలో రిచర్డ్ బోల్ట్, తెర వైపు చెయ్యి చూపి ‘దాన్ని అక్కడ పెట్టు’ అంటే బొమ్మ కదిలే ఏర్పాటు చేశాడు. 1990లలో ఒరెగాన్‌లో ఫిలిప్ కోహెన్, షారన్ ఒవియాట్ బృందం క్విక్‌సెట్ అనే వ్యవస్థలో మాటకు పెన్ను గీతను జోడించింది. యంత్రం మాటను తప్పుగా విన్నా, గీసిన గుర్తు దాన్ని సరిదిద్దగలదు. ఇదంతా బాగానే ఉంది గానీ, అసలు తెలివి తరవాత వచ్చిన ‘రాసా’ అనే వ్యవస్థది. సైన్యం ఆదేశాలిచ్చే గదిలో పటం చుట్టూ నలుగురు చేరి వాదించుకుంటారు. ఆ అలవాటును చెరపకుండా పటాన్నీ, అంటించే చీటీలనీ అలాగే ఉంచారు. చీటీ మీద దళం గుర్తు గీస్తూ అధికారి పలికేది కంప్యూటరే గ్రహించి నమోదు చేసుకుంటుంది. కొత్త తెరలు కొనే సైన్యాలు ముందు చూడాల్సింది ఈ వినయాన్నే, మెరుపుల్ని కాదు. రాసాను పరీక్షించినప్పుడు కావాలనే మధ్యలో కంప్యూటర్‌ను ఆపేశారు. అధికారులు మాత్రం కాగితం మీద పని సాగించారు.