ముఖాలపై వెలుగు కుమ్మరించకండి

ఈ మధ్య మా బంగారుపాళ్యంలో ఒక పెళ్లి ఆల్బమ్ చూడడం తటస్థించింది. పెళ్లికూతురు నా దగ్గర చదువుకున్న పిల్ల. చామనఛాయకు ఒక పాలు మించిన నలుపు. కళ గల ముఖం. ఆల్బమ్‌లో ఆ ముఖం లేదు. పిండి పూసినట్టు తెల్లని బిళ్ల ఒకటి, దానికి రెండు కళ్లు, ఒక ముక్కుపుడక. చెక్కిళ్ల ఒంపు లేదు, గడ్డం కింద నీడ లేదు. "అయివోరా, ఇది మా పాపేనా?" అని తల్లి నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వు వెనుక బాధ నాకు తెలియకపోలేదు.

ఫొటోలు తీసినవాడూ నా శిష్యుడే. అడిగితే, "తెల్లంగా లేకుంటే దుడ్లు ఇయ్యరు అయివోరా" అన్నాడు. అందులో సత్యం లేకపోలేదు. ఆడపిల్ల ఛాయను బేరానికి పెట్టే లోకంలో అతడు బతకాలి. ఆ పాపంలో మనందరికీ వాటా ఉంది. కానీ తన పనిముట్టు గురించి అతడు నమ్మినది మాత్రం శుద్ధ తప్పు. దాన్ని ఖండించక తప్పదు.

వేదికకు 15 అడుగుల దూరాన రెండు గొడుగులు, వాటిలో పూర్తి శక్తితో ఫ్లాషులు. "గొడుగు పెట్టినాను గదా, వెలుగు మెత్తనే" అని అతని ధీమా. మెత్తదనాన్ని గొడుగు అంగడిలో కొనుక్కుని రాదు. ముఖం ఉన్నచోటి నుంచి చూస్తే ఆ వెలుగు ఎంత పెద్దదిగా కనబడుతుందో, అంత మెత్తన. సూర్యుడి వ్యాసం భూమికి 109 రెట్లు. అయినా దూరాన ఉన్నందున మనకు చిన్న బిళ్లే. అందుకే మన చిత్తూరు ఎండలో నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. పలుచని మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపమై నీడల అంచులు కరిగిపోతాయి. 3 అడుగుల గొడుగు 3 అడుగుల దూరంలో మబ్బు. 15 అడుగుల దూరంలో మళ్లీ ఎండే.

దూరం రెట్టింపైతే ముఖాన పడే వెలుగు నాలుగో వంతు. అయిదింతలైతే ఇరవై అయిదో వంతు. కనుక దూరస్థుడు శక్తి పెంచక తప్పదు, దగ్గరకు తెచ్చినవాడు తగ్గించుకోవచ్చు. దగ్గరి వెలుగు వెనుక గోడకు చేరేసరికి క్షీణించి, అలంకారం వెనక్కి తగ్గి ముఖం ముందుకు వస్తుంది. వెనుక మరీ చీకటి అనిపిస్తే షట్టరును మరికాస్త సేపు తెరచి ఉంచితే చాలు. ఫ్లాషు మెరుపు అంతకంటే ఎంతో పొట్టిది కనుక ముఖంపై దాని పాలు మారదు.

నల్లని చర్మం తన ఆకారాన్ని నిగ్గుతో చెబుతుంది. చిన్న వెలుగు చెమట నుదుటిపై చుక్కలా మండుతుంది. పక్కనుంచి వచ్చే పెద్ద వెలుగు పట్టుచీరపై మెరుగులా పరచుకుంటుంది. ఎదుటినుంచి కుమ్మరించిన వెలుగు ఆ రెంటినీ తుడిచివేస్తుంది. తర్వాత కంప్యూటరులో పూసే తెలుపు శవాలంకరణ మాత్రమే.

ముహూర్తపు వేళ జనంలో స్టాండు దగ్గరగా పెట్టలేమంటారు. నిజమే. పెళ్లికూతురి గదిలో దొరికే పది నిమిషాల మాటేమిటి? పరికరాలకు డబ్బు లేదంటారు. 1956లో వచ్చిన 'అపరాజితో' కోసం సుబ్రత మిత్ర స్టూడియోలో కట్టిన కాశీ ఇంటి ముంగిటిపై తెల్లబట్ట పరచి, దీపాల వెలుగును దానికి తగిలించి కిందికి దింపాడు. సెట్టులో ఆకాశం పుట్టింది! మన ఇళ్లలో తెల్ల పంచె లేదా? నీడవైపు నిలబెట్టడానికి ఒక థర్మోకోల్ అట్ట దొరకదా?

ద్రౌపదికి కృష్ణ అని పేరు పెట్టుకున్న జాతి మనది. తిరుమలలో నల్లని స్వామిని గర్భాలయ దీపాల వెలుగులో క్షణకాలం చూసి తరిస్తున్నాం. ఆ మూర్తిపై ఫ్లడ్‌లైటు వేయమని ఎవరైనా అడుగుతారా? అక్కడ తెలిసిన ఔచిత్యం మన ఇంటి ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతోంది?

నాయనా, ఈసారి ఫ్లాషును చేయి చాచితే అందేంత దగ్గరకు తీసుకురా. పక్కకు జరుపు. శక్తి తగ్గించు. ఒక్క ఫొటో తీసి తల్లికి చూపించు. ఆమె తన బిడ్డను గుర్తుపట్టాలి. నీ పనికి అదే పరీక్ష.