యూరియా చవక.. జీవామృతానికి లెక్కేదీ?

పై వీడియోలో జీవామృతం తయారీ చూశారు కదా. చాలామంది అడిగేది ఒకటే: "ఇంత మంచిదైతే అందరూ ఎందుకు చేయట్లేదండీ?" ధర చూడండి, అర్థమవుతుంది.

45 కిలోల యూరియా బస్తా మనకి దాదాపు 270 రూపాయలకే వస్తోంది. అసలు ఖర్చులో ఎక్కువ భాగం కేంద్రమే సబ్సిడీగా కంపెనీకి కడుతుంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువులకి పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టారు, వాటి ధరలు పెరిగాయి. యూరియాని మాత్రం పాత పద్ధతిలోనే ఉంచారు. ఇక రైతు ఏం చేస్తాడు? చవకైనదే ఇంకో బస్తా చల్లుతాడు. అది తెలివితక్కువతనం కాదు, లెక్క.

మరి పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి రోజూ కలియబెట్టే నా డ్రమ్ముకి సబ్సిడీ ఏదీ? నా చాకిరీకి విలువేదీ?

సబ్సిడీ తీసేయమని నేననను. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపిన శ్రీలంక ఆ ఏడాదే వెనక్కి తగ్గింది. కంపెనీకి కట్టే ఆ డబ్బే ఎకరానికి ఇంత అని రైతు ఖాతాలో వేయండి. బస్తా కొనాలో, ఆవుని మేపాలో మేమే తేల్చుకుంటాం.