పాటని బోనెక్కిద్దాం రండి!

మొన్న పండక్కి వేములవాడ పోతే ఇంట్లో ఒకటే గోల. తమ్ముడి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసి మా చిన్నబాపు "గీ రాక్షస పాటలినే పోరగాండ్లు పాణం తీసుకుంటరట, వాట్సప్‌ల జూసిన" అంటడు.

ఆ కథ నాకు తెలుసు. 1985 డిసెంబర్‌లో అమెరికాలోని నెవాడాలో ఇద్దరు కుర్రాళ్ళు తాగి, జూడాస్ ప్రీస్ట్ రికార్డు వింటూ చావాలనుకున్నారు. ఒకడు అప్పుడే పోయాడు, రెండోవాడు మూడేళ్ళకి. 'బెటర్ బై యూ, బెటర్ దాన్ మీ' పాటలో "చేసెయ్" అనే మాట రహస్యంగా దాచారని కుటుంబాలు కేసేశాయి. తమాషా ఏంటంటే ఆ పాట వాళ్ళు రాసింది కూడా కాదు. స్పూకీ టూత్ వాళ్ళ 1969 పాటని 1978లో మళ్ళీ పాడారంతే.

1990లో రెనో కోర్టులో గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తమ పాటల్ని తిరగేసి వినిపించాడు. వెతికితే "అమ్మా, నా కుర్చీ విరిగింది" లాంటివి కూడా దొరుకుతాయని చూపించాడు. గిటార్ మోత, ఊపిరి శబ్దం కలిసి అలా వినబడిందే తప్ప కావాలని పెట్టింది కాదని జడ్జి తేల్చాడు. బ్యాండ్ గెలిచింది. అదే కోర్టులో ఆ కుర్రాళ్ళ ఇళ్ళలో దెబ్బలు, తాగుడు, మధ్యలో ఆగిన చదువులు కూడా బయటికొచ్చాయి. వాటిమీద మాత్రం ఎవరూ కేసెయ్యలేదు.

సరే, మనూరి సంగతికొద్దాం. పక్కనే సిరిసిల్ల. 1990ల చివర్నించీ అక్కడ ఎందరు నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు? వాళ్ళేం మెటల్ విన్నారు? వాళ్ళు విన్న మెటల్ ఒక్కటే, పొద్దున్నించి రాత్రిదాకా సాంచాల మోత. ఆ మోత ఉన్నన్నాళ్ళు బతికారు, ఆగితేనే భయం. 2017లో బతుకమ్మ చీరల పనొచ్చింది, కాస్త ఊపిరాడింది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగాయి, మళ్ళీ చావు వార్తలొచ్చాయి. నూలు ధర, కరెంటు బిల్లు, అప్పు. వీటిని తిరగేసి వినక్కర్లేదు, సూటిగానే వినబడతాయి.

పాటకి ప్రభావం లేదని నేననను. లేకపోతే నేనెందుకు వింటాను? పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని ఎగతాళి చెయ్యను కూడా. కానీ మనవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఇది సర్వర్ పడిపోతే లాగ్ ఫైల్ డిలీట్ చేసినట్టుంది. తలుపేసుకుని అదే పాట పదిసార్లు పెట్టుకునే పిల్లాడు ఏదో చెప్తున్నాడు. పాట ఆపేస్తే ఆ చెప్పడం కూడా ఆగిపోతుంది.

చిన్నబాపుకి ఇదంతా చెప్పలే. "వాని పక్కన గూసోని ఒక్కపాట నువ్వూ ఇను బాపూ, ఇన్నంక మంచిగున్నవారా అని అడుగు" అన్న.

విన్నాడు. "సాంచె నడిచినట్టే ఉన్నది గదరా" అన్నడు. తర్వాత వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నరు.