మెట్లెన్నో ముందే చెప్పండి

శ్రావణమాసంలో ఏదో ఒక శనివారం పావగడ శనిమహాత్ముడి గుడి చుట్టూ నిలిపిన బండ్ల పక్కగా నడిచి చూడండి. బెంగళూరు, అనంతపురం, హిందూపురం, చిత్రదుర్గ వైపుల నుంచి వచ్చిన కార్లు, టెంపోలు, బాడుగ బస్సులు ఉంటాయి. చాలా వాటిలో కిటికీ పక్కన ఒక అవ్వో తాతో ఒక్కరే కూర్చుని కనిపిస్తారు. ఒళ్ళో అందరి సంచులు, కాళ్ళ దగ్గర అందరి చెప్పులు. మిగతా కుటుంబమంతా దర్శనానికి పోయి ఉంటుంది. ఆ ప్రయాణానికి కారణమైన మొక్కు చాలాసార్లు బండిలో మిగిలిపోయిన ఆ మనిషిదే.

“మీరు పోయి రాండి నాయనా, నేను ఈడనే కూచోనుంటా” అంటారు వాళ్ళు. మనం అది వాళ్ళ ఇష్టమనుకుని చల్లగా వెళ్ళిపోతాం. ఇష్టంతో అన్న మాట అని నేను నమ్మను. లోపల మెట్లెన్ని ఉన్నాయో, వరుస ఎంత దూరం సాగుతుందో, మధ్యలో కాసేపు కూర్చోవడానికి అరుగుందో లేదో, మరుగుదొడ్డికి పోవాల్సి వస్తే ఎటు పోవాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తెలియని చోట పదిమందికీ అడ్డం కావడం ఎందుకని ఆ మాట అంటారు. ప్రయాణం వేసుకునేటప్పుడే ఈ సంగతులు కనుక్కుని ఉంటే వాళ్ళలో చాలామంది బండి దిగేవాళ్ళు.

మా పావగడ తాలూకాలో ఈ విషయం గట్టిగా మాట్లాడుకోవడానికి ఇంకో కారణం ఉంది. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. మా దగ్గర ఆ హద్దు దాటిన బోర్లు ఎన్నో. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే తాగితే ముందు పళ్ళకు గార పడుతుంది, తర్వాత ఎముకల్లోకి దిగుతుంది. కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. మెడ తిప్పలేరు, నడుం వంచలేరు, గొంతుకూర్చోలేరు. ఇప్పుడు ఊళ్ళలో శుద్ధనీటి కేంద్రాలు వచ్చాయి, తుంగభద్ర నీళ్ళూ ఇటు వస్తున్నాయి. పిల్లల ఎముకలకు అది పెద్ద మేలు. బిగిసిన వెన్ను మాత్రం మళ్ళీ వదులు కాదు. అందుకే నడవలేని పెద్దలంటే ఎనభై దాటినవాళ్ళేనని మేం అనుకోలేం. జీవితమంతా పొలం పనిచేసి, అరవైకే కర్ర పట్టినవాళ్ళు మా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకు గుడీ, జాతరా, చుట్టాల ఊరూ చూడాలని లేకుండా పోదు కదా.

ఒకసారి మా మేనత్త పేరు కూడా ఒక యాత్ర బస్సులో రాయించాం. కరపత్రంలో లేపాక్షి, పెనుకొండ, పుట్టపర్తి, కదిరి అంటూ వరసగా పేర్లున్నాయి. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, ఏసీ, పుష్‌బ్యాక్ సీట్లు అని కూడా ఉంది. ఒక్క మెట్టు గురించీ ఒక్క మాట లేదు. బస్సు ఎక్కే మొదటి మెట్టే ఆమె మోకాలికి మించిన ఎత్తు. ప్రతి చోటా బస్సు ఆగడం, “అరగంటలో వచ్చేయండి” అని ఒకాయన కేకెయ్యడం, ఆమె చెప్పులు తొడుక్కునేలోపు ముందువాళ్ళు సగం దూరం పోవడం. రెండో చోటి నుంచి ఆమె దిగడం మానేసింది.

లేపాక్షి సంగతే చూడండి. ఒకే రాతిలో చెక్కిన నంది, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, రోడ్డు పక్కన చదునైన చోట ఉంది. వీరభద్రస్వామి గుడి కూర్మశైలమనే బండగుట్ట మీద ఉంది, అక్కడికి మెట్లెక్కాలి. యాత్ర బస్సులు నంది దగ్గర ఫొటోకు ఐదు నిమిషాలు ఆగి, గుడి దగ్గర గంటకు పైగా నిలుస్తాయి. నడవలేని మనిషి ఉన్న కుటుంబానికి లెక్క తిరగబడాలి. ఆమెను నంది ఎదుట నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇంట్లో ఒకరు పక్కనుండి, మిగతావాళ్ళు వంతులవారీగా గుడికి పోయి రావచ్చు. అంత పెద్ద నందిని, దాని మెడలోని గంటలను, గొలుసులను తీరిగ్గా చూసిన మనిషి లేపాక్షి చూసినట్టే. కాని మెట్లు ఎక్కడున్నాయో ముందు తెలిస్తేనే ఆ ఏర్పాటు వీలవుతుంది.

ఇదే సంగతిని సముద్రం మీద ఎలా చేస్తున్నారో చెబుతాను, ఎందుకంటే అది మనకు పనికొస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు అమ్మానాన్నలను అక్కడికి పిలిపించుకున్నప్పుడు క్రూయిజ్ ఓడ ఎక్కించడం ఇప్పుడు మామూలైంది. 2022లో ఎంప్రెస్ అనే ఓడ విశాఖపట్నం నుంచి యాత్రికులను ఎక్కించుకుని పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది. 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఓడ ఒక ఊరి దగ్గర కొన్ని గంటలు ఆగుతుంది, జనం దిగి ఊరు చూసి వస్తారు. అలా దిగి చూసే ప్రతి యాత్రకూ ఓడల కంపెనీలు ముందే వివరం రాసిస్తాయి: నడక తేలికా, మధ్యరకమా, కష్టమా, ఎన్ని గంటలు, మెట్లున్నాయా, చక్రాల కుర్చీ పోతుందా. ఓడ గట్టుకే ఆనుతుందా, దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లోకి దింపుతుందా అన్నదీ తెలుస్తుంది. కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్‌లో చిన్న పడవలే గతి. అలలు ఎక్కువగా ఉన్న రోజు చక్రాల కుర్చీ మనిషిని దింపకపోవచ్చు. గ్రీసులోని సాంతోరినిలో పాత రేవు నుంచి కొండ మీది ఊరికి దాదాపు 600 మెట్లు, లేదంటే రోప్‌వే. ఇది చదివిన కోడలు ఫలానా రేవులో అత్తగారు ఓడలోనే ఉంటే మేలు, ఆ తర్వాతి రేవులో ఆమెతో అందరం దిగుదాం అని ఇంట్లోనే తేల్చుకోగలదు. అత్తగారు కూడా ఆ మాటలో పాలు పంచుకోగలదు. ఓడలో ఉండిపోవడమైనా అప్పుడు ఆమె కోరుకున్నదే అవుతుంది.

ఆ వివరం రాయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక మనిషి ఒక పొద్దుటిపూట నడిచి చూసి కాగితం మీద పెడితే చాలు. వేల డాలర్లు పెట్టిన యాత్రికుడికి దక్కే ఆ కాగితం, శనివారం ఉపవాసముండి పావగడకు వచ్చే అవ్వకు ఎందుకు దక్కకూడదు?

వేళ గురించీ ఓడ యాత్రికుల దగ్గర నేర్చుకోవచ్చు. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని ఊరు చూడబోయి ఆలస్యమైతే ఓడ ఆగదు. అందుకని పెద్దవాళ్ళతో పోయేవారు చెప్పిన వేళకంటే గంట ముందే రేవు చేరేలా చూసుకుంటారు, చూసే చోట్లు తగ్గించుకుంటారు. మనం పెంచుకుంటాం. ఇంత దూరం వచ్చాం కదా, అదీ చూసిపోదాం, ఇదీ చూసిపోదాం అంటాం. నడవలేని మనిషితో రోజుకు ఒక్క చోటు చాలు. ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న నాగలమడికె అంత్య సుబ్రహ్మణ్యుడిని చూడాలనుకుంటే ఆ రోజుకు అదే చూడండి, పుష్యమాసపు జాతర రద్దీలో కాకుండా మామూలు రోజు పొద్దున్నే పోండి. కుక్కె ఆదిసుబ్రహ్మణ్యం, ఘాటి మధ్యసుబ్రహ్మణ్యం, ఇది అంత్యం, మూడూ ఒక్క ఊపులో చుట్టిరావాలనే ఉత్సాహం కుర్రవాళ్ళది. కుక్కె ఎక్కడో దక్షిణ కన్నడ జిల్లాలో, కనుమల అవతల. బిగిసిన నడుముతో అంత దూరం కూర్చున్న మనిషికి దేవుడి ఎదుట నిలబడే ఓపిక మిగలదు. శనిమహాత్ముడి దర్శనం శనివారమే కావాలంటారు, ఆ నమ్మకాన్ని కాదనక్కర్లేదు. ఏడాదిలో శ్రావణం కాని శనివారాలే ఎక్కువ. వాటిలో ఒకటి చూసుకుని తెల్లవారేసరికి చేరితే ఎండా ఉండదు, తోపులాటా తగ్గుతుంది.

ఎవరూ నోరువిప్పి మాట్లాడని విషయం మరుగుదొడ్డి. ప్రయాణం ఉందంటే మా ఆడవాళ్ళు ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తారు. బీపీకి ఒంటేలు ఎక్కువ వచ్చే మాత్ర వేసుకునేవాళ్ళు ఆ పూట మాత్ర మానేస్తారు. మే నెల పావగడ ఎండలో నీళ్ళు లేని ఒంటికి కళ్ళు తిరగడం ఎంతసేపు? పడితే తుంటి ఎముక. మాత్ర వేళ మార్చుకోవచ్చా అని బయలుదేరే ముందే డాక్టరును అడగండి, సొంతంగా మానిపించకండి. మోకాళ్ళు వంగనివాళ్ళకు నేలమట్టపు దొడ్డి ఉన్నా లేనట్టే. అందుకే మధ్యలో రంధ్రమున్న ప్లాస్టిక్ కమోడ్ స్టూలు బండిలో వేసుకోండి, దాని ధరా ఎక్కువ కాదు. దారిలో చుట్టాల ఇల్లుంటే ముందే ఫోన్ చేసి, అక్కడ ఆగుతామని చెప్పండి. సిగ్గుపడాల్సిన పని కాదిది. టిఫిను ఎక్కడ అని అడిగినంత మామూలుగా దొడ్డి ఎక్కడ అని అడగడం ఇంటి మగవాళ్ళు మొదలుపెడితే పెద్దావిడ ధైర్యంగా నీళ్ళు తాగుతుంది.

బండిలో ఒక చెక్కపీట కూడా పెట్టుకోవాలి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కాలికింద వేయడానికి. చేతికర్ర అడుగున రబ్బరు అరిగిపోయి ఉంటే మార్పించాలి. చెప్పులు విడిచాక కాలే బండల మీద నడవాలి కాబట్టి మేజోళ్ళతో రానిస్తారేమో ముందే కనుక్కోవాలి. తిరుమలకైతే 65 ఏళ్ళు నిండినవాళ్ళకు, దివ్యాంగులకు వేరే దర్శనం ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుని, ఆధార్ కార్డు వెంట తీసుకెళ్ళాలి.

2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం వచ్చాక ఆడవాళ్ళకు ప్రభుత్వపు మామూలు బస్సుల్లో ఛార్జీ లేదు. ఎవరినీ డబ్బు అడగకుండా దేవుడి దగ్గరికి పోయి వచ్చిన అవ్వల ముఖాలు నేను చూశాను. ఆ పథకాన్ని మనసారా మెచ్చుకుంటాను. కాని బస్సు మొదటి మెట్టు ఎక్కలేని అవ్వకు ఆ ఉచిత ప్రయాణం ఇంకా అందలేదు.

పెద్దవాళ్ళను ఎక్కడికి తీసుకుపోవాలో మనమే తేల్చేసే అలవాటు కూడా మారాలి. ఆ యాత్ర బస్సు తర్వాత కొన్నాళ్ళకు, “నీకు ఏది చూడాలనుంది అత్తా?” అని అడిగాం. గుడి పేరు చెబుతుందనుకున్నాం. “తిరుమణి దిక్కు తీసుకపోండి. ఆ అద్దాలు చూడల్ల” అంది. తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు, బాలసముద్రం, క్యాతగానచెర్లు పొలాల మీద 13,000 ఎకరాల్లో పరిచిన సౌర విద్యుత్ పార్కు అది, మొత్తం 2,050 మెగావాట్లు. రైతులు భూములు అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చారు. ఆ పార్కు చూడటానికి ఒక్క మెట్టూ ఎక్కక్కర్లేదు. కారు ముందు సీట్లో కూర్చుంటే దారి పొడుగునా రెండు వైపులా అదే. చిన్నప్పుడు వేరుశనక్కాయలు వొలవడానికి ఆ చేన్లకు పోయిన మనిషి మా అత్త. ఎవరి చేను ఎక్కడ ఉండేదో, ఏ వంక నీళ్ళు ఎటు పోయేవో, ఏ ఏడు పంట పండిందో, ఏ ఏడు పంటంతా ఎండిపోతే ఎవరెవరు బెంగళూరుకు పోయారో చెబుతూ పోయింది. ఆ రోజు మాకు దారి చెప్పింది ఆమే. పిల్లలు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. “ఈడ ఆపు” అన్న చోటల్లా ఆపాం, “పోదాం పాండి” అన్నప్పుడు కదిలాం.

చట్టం కూడా మన వైపే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జనం వచ్చిపోయే భవనాల్లో మతసంబంధమైన వాటినీ చేర్చింది. 2017లో నియమాలు వచ్చాక ఐదేళ్ళలో పాత భవనాలనూ అందరికీ అందేలా మార్చాలంది. ఆ గడువు దాటిపోయింది. ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే సరిపోదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ర్యాంపులు, పట్టుకునే కమ్మీలు, ఎత్తు దొడ్లు రావాలి, వాటి కోసం అడుగుతూనే ఉండాలి. పాత రాతిగుడిలో ఎక్కడ ఏం కట్టాలన్నది తేలడానికి కాలం పడుతుంది. ఉన్న మెట్లను లెక్కపెట్టి చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గుడి కమిటీలను, యాత్ర బస్సులవాళ్ళను నేను అడిగేది ఇంతే. బండి ఆగే చోటు నుంచి దేవుడి ఎదుటి దాకా ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, నీడ ఉందా, కూర్చునే చోటుందా, దొడ్డి ఎలాంటిది, చక్రాల కుర్చీ ఇస్తారా, ఏ వేళ రద్దీ తక్కువ. దీన్ని తెలుగులోనూ కన్నడంలోనూ పెద్ద అక్షరాల్లో రాసి బస్టాండులో, గుడి ముంగిట, కరపత్రంలో పెట్టండి. పావగడ కాలేజీ విద్యార్థులు ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలో ఒక రోజు ఈ పనికి ఇచ్చినా తాలూకా గుళ్ళన్నీ వచ్చేస్తాయి. పాఠకులు మరీ సులువుగా చేయగలరు. ఈసారి మీ ఊరి గుడికి పోయినప్పుడు మెట్లు లెక్కపెట్టి, ఊరి పేరుతో ఈ శీర్షికకు రాసి పంపండి. వచ్చినవన్నీ శ్రావణం మొదలయ్యేలోపు ఇక్కడే పట్టీగా వేస్తాను.