వాళ్లది వారసత్వం, మనది నేరమా?

ఇటలీ ఉత్తర భాగంలో, వెరోనా నగరానికి తూర్పున సోవావే అనే చిన్న ఊరుంది. చుట్టూ కొండలు, కొండల మీద ద్రాక్షతోటలు. అక్కడి గార్గనేగా అనే ద్రాక్షతో తీసే తెల్ల వైన్‌కు ఆ ఊరి పేరే పెట్టారు. లేత రంగు, తేలిక రుచి, చివర్న బాదంపప్పులాంటి చిరుచేదు. దాన్ని తాగమని మేము చెప్పడం లేదు. ఆ కొండ రైతులు తమ పానీయానికి గౌరవం ఎట్లా సంపాదించుకున్నారో, మన పానీయాలు మన ముందే ఎట్లా నేరమయ్యాయో పోల్చి చూడమంటున్నాం.

సోవావే రైతులు 1898లోనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1968లో ఇటలీ ప్రభుత్వం ఆ పేరుకు చట్టరక్షణ ఇచ్చింది. హద్దులు దాటి పండిన ద్రాక్షకు ఆ పేరు వాడకూడదు. సీసాలో కనీసం 70 శాతం గార్గనేగా ఉండాలి. మనం చిక్కుడు పాదుకు పందిరి వేసినట్టే వాళ్లు తీగకు పందిరి వేస్తారు. ఆ పాత పద్ధతిని ఎవరూ వెనకబాటు అనలేదు. 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆ తోటల్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

అదే జాబితాలో అంతకుముందే, 2012లో, కొరాపుట్ ఆదివాసీ వ్యవసాయం చేరింది. కొరాపుట్ ఎక్కడో లేదు, మన అల్లూరి జిల్లా సరిహద్దు అవతలే ఉంది. వరి, చోడి రకాల్ని తరతరాలుగా విత్తనం కట్టి కాపాడిన మన బంధువుల గడ్డ అది. అంటే ప్రపంచం ముందు సోవావే రైతు, కొరాపుట్ రైతు ఒకే వరుసలో ఉన్నారు. మరి ఒకరి సీసా విమానమెక్కుతుంటే, మరొకరి కుండ ఎందుకు పగులుతోంది?

జవాబు చరిత్రలో ఉంది. తెల్లదొరల ఆబ్కారీ చట్టాలు మన చెట్టునే పన్నుల పాలు చేశాయి. కల్లు గీతపై ఆంక్షలు, చిగురుపన్ను భారమై 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. 1892లో బొంబాయి రాజ్యంలో ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చారు. ఖజానా కోసం చేసిన ఆ పనికి తర్వాత ‘సంస్కరణ’ అని పేరు పెట్టారు.

తాగుడు మన ఇళ్లను కూల్చలేదా అని కొందరు అడుగుతారు. కూల్చింది. ఆ తల్లుల కన్నీళ్లు మాకు తెలుసు. అయితే ఇళ్లను కూల్చింది ఏది? పండుగనాడు దేవతకు ధారపోసి, పెద్దల ముందు పంచుకునే జీలుగు కల్లా? గూడెం గడపదాకా వచ్చిన బెల్టుషాపు సీసానా? 1996 పెసా చట్టం మత్తుపదార్థాల్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకూ పంచాయతీకీ కట్టబెట్టింది. మూయాలన్నా, ఉంచాలన్నా మాట మనదే కావాలి.

సోవావే నుంచి ఇంకో పాఠమూ ఉంది. గిరాకీ పెరిగినప్పుడు కొండ దిగి మైదానాల్లో విపరీతంగా పండించారు. వైన్ పలచబడింది, పేరు పడిపోయింది. కొండనే నమ్ముకుని, దిగుబడి తగ్గించుకున్న రైతులే ఆ పేరును మళ్లీ నిలబెట్టారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీకీ ఇది హెచ్చరికే. పేరు మనదై, లాభం షావుకారుదైతే ఆ గుర్తింపు గోడమీది కాగితమే.

తోటి టీచర్లారా, ఇప్పచెట్టు గురించి, జీలుగు గురించి, చోడి విత్తనాల గురించి అవ్వాతాతల దగ్గర వినిరమ్మని పిల్లల్ని పంపుదాం. విన్నది వాళ్ల చేతే రాయిద్దాం. యువకుల్లారా, గ్రామసభలో కూర్చోండి, తీర్మానం మీరే రాయండి. ఇటలీ కొండవాడికి తన కొండ పేరు చెప్పుకోవడం సిగ్గు కాలేదు. మనకెందుకు కావాలి?